గేటుకు అవతల మా బావ కారు ఖరీదు

మా బావకు ఎర్రగుంట్లలో నాపరాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది. ఆయన ప్రేమగా చూసుకున్నవి జీవితంలో రెండే. ఒకటి ఆ ఫ్యాక్టరీ, రెండోది కర్నూలు షోరూంలో కొన్న తెల్ల కారు. మూడోది మా అక్క అయి ఉండొచ్చు. కానీ ఆ మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు కాబట్టి నేను కలపడం లేదు.

నేను కర్నూల్లో ఒక జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. దిగుమతి సుంకం అనే పాఠాన్ని ఇరవై ఏళ్లకు పైగా అవే నోట్సుతో, అదే ఉదాహరణతో, పిల్లల నిద్రకు ఏ ఆటంకం కలగకుండా చెబుతూ వచ్చాను. ఆ సుంకం అనేదాన్ని కళ్లారా చూసింది మాత్రం రెండేళ్ల క్రితం వేసవి సెలవుల్లో, మా బావ కారు వెనక సీట్లో కూర్చుని.

ఆ వేసవిలో బావ కారు అమ్మేయాలనుకున్నాడు. అప్పటికి దానికి ఐదేళ్లు. ఊళ్లో తనతోటి ఫ్యాక్టరీల వాళ్లంతా ఎత్తుగా ఉండే బండ్లు కొన్నారు. వాళ్లతో మాట్లాడాలంటే ఈయన కిటికీలోంచి తల పైకెత్తాల్సి వస్తోంది. అదీ ఇబ్బంది. చూడ్డానికి చాలామందే వచ్చారు. ఒకాయన బానెట్ మీద వేలితో గీత గీసి, వేలికంటిన సిమెంటు దుమ్మును బావకే చూపించాడు. ఇంకొకాయన నాలుగు టైర్లనూ కాలితో తన్ని వెళ్లిపోయాడు. మంగంపేట గనుల నుంచి ముగ్గురాయి లారీలు తిప్పే ఆయన ఒక్కడే కూర్చుని టీ తాగి ధర చెప్పాడు.

"మూడున్నర ఇస్తాప్పా. అది గూడా నీ ముఖం చూసి."

"నేను నా ముఖం అమ్మడంలా. కొన్నది ఎనిమిది లక్షలకు."

"కొన్నప్పుడు కొత్తదిలేప్పా."

బావ ఆయన్ను టీ పూర్తిగా తాగనిచ్చాడు. ఆ తర్వాత కారు అమ్మే ప్రస్తావన ఇంట్లో ఎవరూ తేకూడదన్నాడు. అక్క తేలేదు. ఆమె ఇంకో ప్రస్తావన తెచ్చింది.

"అమ్మకపోతే మాన్లే. పదేండ్ల నుంచి ముక్తినాథ్ పోదామంటాండా. ఆ కార్లోనే తీసకపో."

ముక్తినాథ్ గుడి నేపాల్ కొండల్లో ఉంది. ఎర్రగుంట్ల నుంచి సరిహద్దుకే దగ్గర దగ్గర రెండువేల కిలోమీటర్లు. విమానాలున్నాయని, రైళ్లున్నాయని నేను చెప్పాను. కానీ బావకు అప్పటికే దేవుడి కంటే మంగంపేట ఆయన ఎక్కువగా కనపడుతున్నాడు. ఈ కారుతో నేపాల్ వెళ్లి తిరిగొస్తే మూడున్నర అన్నవాడి నోరు మూతపడుతుందని ఆయన లెక్క. భక్తికి ఏదో ఒక ఆధారం కావాలి కదా.

డ్రైవింగుకు భాయ్‌ని పిలిచాడు. భాయ్ ఆదోని మనిషి. పన్నెండేళ్లు కువైట్‌లో ఒక సేఠు ఇంట్లో కార్లు నడిపి వచ్చి, బావ ఫ్యాక్టరీలో లారీలు చూసుకుంటున్నాడు. మెకానిక్ పనీ వచ్చు, హిందీ వచ్చు. నన్నెందుకు పిలిచారంటే నాకు సెలవులు కాబట్టి, ఫారాలు ఇంగ్లీషులో నింపగలను కాబట్టి. విద్యావంతుడి ఉపయోగం మా ఇంట్లో ఎప్పుడూ అంతే.

నాలుగు రోజుల ప్రయాణం తర్వాత సునౌలీ సరిహద్దు చేరాం. ఒక గేటు, దాని కింద రోడ్డు, ఆ రోడ్డు మీద అటూ ఇటూ రిక్షాలు, సంచులు మోసుకునే మనుషులు. మనుషులకు పెద్దగా అడ్డేమీ లేదు. కారుకు మాత్రం ఉంది. భన్సార్ అంటే అక్కడ కస్టమ్స్ ఆఫీసు. మన బండి వాళ్ల దేశంలో ఎన్ని రోజులుంటుందో ముందే చెప్పి, రోజుకింత చొప్పున రుసుం కట్టి, కాగితం తీసుకోవాలి. ఆ గడువులోగా బండి మళ్లీ ఇవతలికి రావాలి.

"పది రోజులకు రాయించు, కొండదావ" అంది అక్క.

"ఎనిమిది చాలు. రెండు రోజుల దుడ్లు ఊరికే ఎందుకు" అన్నాడు బావ. నేను ఎనిమిది అని రాశాను.

ఆ సాయంత్రం గేటుకు అవతల భైరహవాలో ఒక లాడ్జీలో దిగాం. కారు పార్క్ చేస్తుంటే యజమాని బయటికొచ్చి, చుట్టూ ఒకసారి తిరిగి, ఎంతకు కొన్నారని హిందీలో అడిగాడు. భాయ్ ఎనిమిది లక్షలని చెప్పాడు. ఆ మనిషి నవ్వాడు. లోపల్నుంచి తమ్ముణ్ణి పిలిచి, ఆ ధర మళ్లీ చెప్పించి, ఇద్దరూ కలిసి నవ్వారు. ఎగతాళి చేస్తున్నారనుకుని బావ ముఖం ముడుచుకున్నాడు.

"అది కాదన్నా" అన్నాడు భాయ్. "ఈడ ఇదే కారు కొత్తది ముప్పై లక్షల పైన అంట. వీళ్ల రూపాయలు. మన లెక్కలో ఇరవైకి దగ్గర్లో ఉంటాది."

బావ కారు వైపు చూశాడు. నేనాయనకు పాతికేళ్లుగా బామ్మర్దిని. పెళ్లిచూపుల్లో మా అక్కను చూసినప్పుడు కూడా ఆ ముఖంలో అంత వెలుగు లేదు.

"ఐదేండ్ల పాతదైతే?" అని అడిగించాడు.

పాతవి కూడా బాగానే పోతాయని, తన స్నేహితుడు అలాంటి పాత కారునే మన డబ్బులో పన్నెండు లక్షల దాకా పెట్టి కొన్నాడని లాడ్జీ ఆయన చెప్పాడు. ఆ రాత్రి భోజనంలో బావ రెండుసార్లు అన్నం అడిగాడు.

మర్నాడు పొఖరా దారిలో కారుకు కొత్త మర్యాదలు మొదలయ్యాయి. లోపల ఎవరూ ఏమీ తినకూడదు. తలుపు గట్టిగా వేయకూడదు. అక్క సీటు మీద కాళ్లు ముడుచుకుని కూర్చోకూడదు. నాలుగు రోజులుగా అదే సీటు మీద వేరుశనక్కాయలు ఒలిచి తిన్న మనిషి, ఇప్పుడు పెళ్లివారింట్లో కూర్చున్నట్టు కూర్చుంది.

"అసలు ఎందుకంత రేటు? కారేమన్నా వేరేనా?" అని అడిగాడు బావ.

నా జీవితంలో ఎవరైనా తమంతట తాము ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. గొంతు సవరించుకున్నాను. "కారు అదే బావా. వాళ్లకు కార్ల ఫ్యాక్టరీలు లేవనే చెప్పాలి, చాలావరకు మన దగ్గర్నుంచే రావాలి. మన సర్కారు ఎగుమతి మీద జీఎస్టీ తీసుకోదు. అంటే మన గేటు దాటేటప్పుడు ఆ కారు నువ్వు కొన్నదానికంటే చవక. అవతలికి పోగానే వాళ్లు కస్టమ్స్ సుంకం వేస్తారు. సుంకం కలిపిన ధర మీద ఎక్సైజ్ వేస్తారు. ఆ మొత్తం మీద వ్యాట్ వేస్తారు. తర్వాత రోడ్డుకు ఒక పన్ను."

"పన్ను మీద పన్నా?"

"పన్ను మీద పన్ను మీద పన్ను."

"అంత ఎందుకేయాలప్పా? జనాలు కొనుక్కోవద్దా?"

దానికి నా నోట్సులో మూడు కారణాలున్నాయి. మొదటిది చెప్పబోతుండగా భాయ్ స్టీరింగ్ మీంచి చెయ్యి తీయకుండానే అందుకున్నాడు.

"కువైట్‌లో మా సేఠు కార్లను చొక్కాలు మార్చినట్ల మారుస్తాండె అన్నా. ఆడ కారు మీద పన్ను శానా తక్కువ. ఎందుకంటే ఆడ సర్కారుకు దుడ్లు నేలలోంచి వస్తాండాయి. ఈ దేశానికి నేలలో నూనె లేదు. అందుకని గేటు కాడ నిలబడి, వచ్చే బండిలోంచి పిండుకుంటాండారు. మన దేశం రెండిటికీ నడమ. అంతే గదా సార్?"

అంతే. నేను నాలుగు పీరియడ్లు తీసుకునేవాణ్ణి.

పొఖరాలో దిగాక బావ అసలు విషయం బయటపెట్టాడు. కారు ఇక్కడే అమ్మేసి, బస్సులో సరిహద్దు దాటి, రైలెక్కి పోదామన్నాడు. అమ్మకూడదని, వెనక్కి తీసుకెళ్తామని సంతకం పెట్టామని చెప్పాను.

"సంతకం పెట్టింది నువ్వు. కారు నాది, నా పేరు మీద ఉండాది. నేను ఎవరికన్నా అమ్ముకుంటా."

దొంగతనంగా అమ్మే ఆలోచన ఆయనకు రాలేదు. ఆ మాట నిజాయితీగా చెప్పాలి. పొఖరాలో ఉన్న కస్టమ్స్ ఆఫీసుకే వెళ్లి, పద్ధతి ప్రకారం ఎలా అమ్మాలో అడుగుతానన్నాడు. గడువులో మూడో రోజు పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని నిజంగానే వెళ్లాడు. పక్కన నేనూ, భాషకు భాయ్.

అక్కడి అధికారి మాకంటే చిన్నవాడు, మర్యాదస్తుడు. ముగ్గురికీ కుర్చీలు వేయించాడు. భాయ్ హిందీలో విషయం చెప్పాడు. అధికారి పెన్ను కింద పెట్టి, మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసి, నెమ్మదిగా జవాబిచ్చాడు. భాయ్ దాన్ని ఆదోని తెలుగులోకి దించాడు.

"అన్నా, ఆయన ఏమంటాండాడంటే, కొత్త కారైతే పన్ను కట్టి తెచ్చుకోవచ్చంట. వాడిన కారును ఈ దేశంలోకి రానియ్యరంట. పన్ను కడతామన్నా రానియ్యరంట. గడువు లోపల వాపస్ తీసకపోకపోతే పట్టుకుంటారంట."

"మరి ఆడ లాడ్జీ ఆయన పన్నెండు లక్షలు పలుకుతాదనె గదా? ఆ పన్నెండు ఎవరిది?"

భాయ్ అడిగాడు. అధికారి మొదటిసారి నవ్వాడు. రెండు ముక్కలు చెప్పాడు.

"ఆ కార్లకు అప్పుడే పన్ను కట్టేసినారంట. ఆ ఎక్కువ రేటు కారుది కాదు, మా సర్కారుది అంటాండాడు."

ఇరవై ఏళ్లుగా నేను బోర్డు మీద రాస్తున్నది ఆ రెండు ముక్కలే. నాకు జీతం ఇస్తున్నారు, ఆయనకూ ఇస్తున్నారు. తేడా ఏమిటంటే ఆయన చెబితే అర్థమైంది.

బావ లేచి నమస్కారం పెట్టాడు. బయటికొచ్చాక, "మనిషి మంచోడే. దేశమే మంచిది కాదు" అని తేల్చేశాడు. అయినా కారు మీద మర్యాద తగ్గలేదు. అమ్ముడుపోకపోయినా పన్నెండు లక్షల కారు పన్నెండు లక్షల కారే. పొఖరా నుంచి పైకి కొండదారి బాగుండదని, కారు ఇక్కడ పెట్టి జీపులో పొమ్మని అక్కడి లాడ్జీ వాళ్లు చెప్పారు. అంత ఖరీదైన వస్తువును పరాయి ఊళ్లో వదిలి వెళ్లే మనిషి కాదు మా బావ.

నాలుగో రోజు మధ్యాహ్నం బేనీ అనే ఊరు దాటాక రోడ్డు రోడ్డులా ఉండడం మానేసింది. ఒక పక్క నది, ఒక పక్క కొండ, మధ్యలో రాళ్లు. మా నాపరాళ్ల గనుల్లో దారి దీనికంటే నయం. ఒక మలుపులో అడుగున టంగుమని శబ్దమైంది. భాయ్ వెంటనే ఇంజిన్ ఆపి కిందికి దూరాడు. లేచేసరికి రెండు చేతులూ నల్లగా ఉన్నాయి.

"ఆయిల్ చాంబర్ పగిలిందన్నా. ఇట్లే పోతే ఇంజిన్ పోతాది."

దగ్గర్లో ఒక టీ కొట్టుంది. దాన్ని ఒక నడివయసు ఆడమనిషి నడుపుతోంది. దారిన పోయేవాళ్లు సాయం పట్టి కారును ఆ కొట్టు ముందుకు తోశారు. కొత్త చాంబర్ పొఖరాలో దొరుకుతుందని ఫోన్లో తెలిసింది. ధర కూడా తెలిసింది. అది కూడా మన దేశంలో చేసి, అదే గేటు దాటి, అదే సుంకాలు కట్టి వచ్చిన వస్తువు. కారు ధర విని పొంగిపోయిన మనిషి, చాంబర్ ధర విని ఫోన్ నా చేతికిచ్చి బండమీద కూర్చున్నాడు.

"ఇంత రేటా? ఇది దోపిడీ."

"కాదు బావా, సుంకం" అన్నాను. నా ఉద్యోగానికి ఆ పూట న్యాయం చేశాననిపించింది.

మర్నాడు భాయ్ చాంబర్ కోసం బస్సులో పొఖరా వెళ్లాలి. ఈలోగా మేం ముగ్గురం జీపులో ముక్తినాథ్ వెళ్లి రావచ్చు. రాను, పోను రెండు రోజులు. అక్క సంచీ సర్దుకుని వచ్చేసరికి బావ కదల్లేదు.

"మీరు పోయి రాండి. నేను కారు కాడ ఉంటా."

అక్క అర్థం కానట్టు చూసింది. "దేవుని కోసమే గదా వచ్చింది?"

"దేవుడు యాడికీ పోడు. కారును ఎవరన్నా విప్పుకోనిపోతే?"

అక్క జీపు ఎక్కి కూర్చుంది. తొమ్మిది మంది పట్టే దాంట్లో పదిహేను మందిమి. కొట్టు కనుమరుగయ్యేదాకా ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. ఆ తర్వాత నాతో, "పదేండ్లు అడిగినాను. ఒక్కదాన్నే పోయేదానికా" అంది. ఎకనామిక్స్‌లో దానికి పాఠం లేదు.

ముక్తినాథ్‌లో గుడి వెనక గోడకు నూట ఎనిమిది ధారలు. మంచు కరిగిన నీళ్లు. అక్క వాటన్నిటి కిందా వరసగా నడిచింది. నేను నాలుగో ధార దగ్గరే ఆగిపోయాను. చివర్లో ఆమె వెనక్కి తిరిగి మొదటి ధార దాకా వచ్చి, మళ్లీ వరసంతా నడిచింది. పెదాలు నీలంగా అయిపోయాయి.

"రెండోసారి ఎందుకు?" అని అడిగాను.

"ఆయనది" అంది పళ్లు కొట్టుకుంటుండగా.

ఆరో రోజు సాయంత్రం మేం టీ కొట్టు దగ్గర జీపు దిగేసరికి బావ ప్లాస్టిక్ కుర్చీలో, భుజాన ఎవరిదో ఉన్ని శాలువాతో కూర్చుని అల్లం దంచుతున్నాడు. భాయ్ అప్పుడే పొఖరా నుంచి వచ్చి కారు కింద ఉన్నాడు. రెండు రోజులు ఆ కొట్టామె నేపాలీలో, బావ తెలుగులో మాట్లాడుకున్నారట. భాయ్ వచ్చాక గానీ ఎవరేం చెప్పారో తెలియలేదు. ఆమె భర్త కువైట్‌లో డ్రైవరు. ఎనిమిదేళ్లయింది. ఫోటో చూపించింది. ఇంత పెద్ద నల్ల కారు, దాని ముందు తెల్ల చొక్కాలో సన్నటి మనిషి.

భాయ్ చేతులు తుడుచుకుని ఆ ఫోటోను చాలాసేపు చూశాడు. వాళ్లాయన ఉండే పేట పేరు అడిగి తెలుసుకున్నాడు. "మా సేఠు ఇంటికి రెండు వీధుల అవతల" అన్నాడు. ఆ కారు ధర కూడా చెప్పాడు. ఆమె నమ్మలేదు. తమ దారిన తిరిగే జీపు కొత్తది కొనాలన్నా ఇంచుమించు అంతేనట. భర్త ఎనిమిదేళ్లుగా కార్లు నడుపుతున్నాడు గానీ ఆమె ఇప్పటిదాకా సొంత బండి ఎక్కింది లేదు. ఆసుపత్రికైనా, అమ్మగారింటికైనా అదే పదిహేను మంది జీపు.

"నేనూ అంతేనన్నా" అన్నాడు భాయ్, బావతో. "పన్నెండేండ్లు అంతంత బండ్లు తోలినా. ఊరికొచ్చి పాత మోటర్‌సైకిల్ కొనుక్కున్నా."

బావ అల్లం దంచడం ఆపలేదు. కాసేపయ్యాక, "కార్లో ఈమెను ఒక రౌండు తిప్పుకోని రా" అన్నాడు.

ఏడో రోజు పొద్దున చాంబర్ బిగించాక భాయ్ తిప్పాడు కూడా, నది మలుపు దాకా. ఆమె ముందు సీట్లో కూర్చుంది. దిగుతూ తలుపు గట్టిగా వేసింది. బావ ఏమీ అనలేదు. అక్క నా వైపు చూసింది.

ఎనిమిదో రోజు సాయంత్రం సరిహద్దు చేరేసరికి ఆఫీసు మూసేందుకు గంట కూడా లేదు. గుమాస్తా కాగితం చూసి, తేదీ చూసి, కారు నంబరు చూసి, ముద్ర కొట్టాడు. గేటు దాటాం. బావ ఒకసారి వెనక్కి తిరిగాడు.

"పది అడుగుల్లో ఎనిమిదిన్నర లక్షలు పోయె" అన్నాడు. మళ్లీ వెంటనే, "ఏమే, కాళ్లు ముడుచుకోని కూర్చో, పర్వాలేదు" అన్నాడు. అక్క కూర్చుంది. వేరుశనక్కాయల పొట్లం కూడా విప్పింది.

కారు ఆ తర్వాత నెలకు అమ్ముడుపోయింది. ప్రొద్దుటూరులో బట్టల కొట్టాయన కొన్నాడు. ఎంతకో బావ చెప్పలేదు, అక్క చెప్పింది, నేను రాయను. కానీ నేపాల్ ప్రయాణం కథ మాత్రం ఎర్రగుంట్లలో ఇప్పటికీ నడుస్తోంది. ఈమధ్య విన్నప్పుడు కస్టమ్స్ అధికారి బావకు కుర్చీ వేయించడమే కాక, కారు అమ్మమని బతిమాలాడు కూడా. దర్శనం ఎలా జరిగిందని ఎవరైనా అడిగితే, "మా ఇంటామె చేయించింది" అంటాడు. అది ఒక్కటి నిజం.

కొట్టామె భర్తకూ భాయ్‌కూ ఫోన్లో స్నేహం కుదిరింది. మొన్న నేను ఎర్రగుంట్ల వెళ్లినప్పుడు ఫ్యాక్టరీ ఆఫీసులో ఆ మాటే నడుస్తోంది. ఆ మనిషి వచ్చే ఏడాది ఇంటికి వచ్చేస్తాడట. ఊళ్లో ఇంకో ముగ్గురితో కలిసి ఒక జీపు కొంటాడట. ధర ఎంతో భాయ్ చెప్పాడు. బావ అలవాటుకొద్దీ మన రూపాయల్లోకి మార్చబోయి, కాలిక్యులేటర్ పక్కన పెట్టేశాడు.

"నలుగురు కలిస్తే కొనొచ్చులే. ముందు సీటు మాత్రం ఆమెకే ఉంచమని చెప్పు" అన్నాడు.

భాయ్ అప్పుడే ఫోన్ తీసి చెప్పాడు. ఆ సీటు ఆమె ముందే తనకని చెప్పేసిందని అవతల్నుంచి జవాబొచ్చింది. భాయ్ నవ్వి, లారీ లోడు చూసుకోవడానికి బయటికి వెళ్లాడు.